డాసన్ ఏ అల్మారాలో ఉంటాడు?

రండి, ఇలా కిటికీ పక్కన కూర్చోండి. ముసురు పట్టింది, ఇప్పట్లో వదిలేలా లేదు. పొయ్యి మీద టీ మరుగుతోంది. ఈలోగా మీకు ఒక మనిషి సంగతి చెప్పాలి. ఆయన్ని వెతుక్కోవడం ఎలాగో కూడా చెప్పాలి.

మొన్న ఇలాంటి సాయంత్రమే మా తమ్ముడి కూతురు వచ్చింది. చరిత్రలో పీహెచ్‌డీ చేస్తోంది. గొడుగు గుమ్మంలో ఆనించి, చెప్పులు విప్పుతూనే అడిగేసింది.

“పెదనాన్నా, క్రిస్టఫర్ డాసన్ పుస్తకాలు నీ దగ్గర ఏమైనా ఉన్నాయా? మా గైడ్‌గారు చదవమన్నారు. లైబ్రరీలో చరిత్ర అల్మారాలన్నీ చూశాను. ఒక్కటీ కనబడలేదు.”

“చరిత్ర అల్మారాల్లోనే చూశావా తల్లీ?”

“చరిత్రకారుడే కదా! ఇంకెక్కడ చూస్తాను?”

మర్నాడు ఇద్దరం కలిసి అదే లైబ్రరీకి వెళ్లాం. సాయంత్రం దీపాలు వేసే వేళకి మూడు పుస్తకాలు దొరికాయి. ఒకటి క్రైస్తవ మతం వరసలో, ఒకటి సమాజశాస్త్రంలో, ఒకటి తత్వశాస్త్రం కింది అరలో దుమ్ము కొట్టుకుని. చరిత్రలో మాత్రం, పిల్ల చెప్పినట్టే, ఒక్కటీ లేదు. నంబర్లు వేసినవాళ్ల తప్పేమీ లేదిందులో. మతాన్ని 200 వరసలో, సమాజాన్ని 300లో, చరిత్రను 900లో పెట్టమంటుంది డ్యూయీ పద్ధతి. మన దగ్గర చాలా గ్రంథాలయాలు నడిచేది దాని మీదే. డాసన్ జీవితాంతం చెప్పిందేమో, ఈ మూడింటినీ విడగొడితే మూడూ అర్థం కాకుండా పోతాయని. అలాంటి మనిషిని ఏ అరలో పెట్టినా మిగతా రెండు అరల్లోనూ వెలితే.

కాబట్టి ఈయన్ని వెతకడం మొదలుపెట్టేవాళ్లు ముందు ఈయన ఎలా ఆలోచించాడో కాస్త తెలుసుకోవాలి. అది తెలిస్తే ఏ అల్మారా దగ్గరికి వెళ్లాలో దానంతటదే తెలుస్తుంది.

డాసన్ 1889 అక్టోబర్ 12న వేల్స్ సరిహద్దులోని హే-ఆన్-వై అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పుట్టింది ఆ ఊరి కోటలో. రాజవంశమేమీ కాదు. తల్లిగారి తండ్రి ఆంగ్లికన్ చర్చిలో ఆర్చ్‌డీకన్, ఆ ఊరి గురువు. ఆయన కాపురం కోటలో ఉండేది. పాత పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకి హే పేరు చెబితే చాలు, ముఖం వెలిగిపోతుంది. 1960ల మొదట్లో రిచర్డ్ బూత్ అనే ఆయన అక్కడ పాత పుస్తకాల కొట్టు తెరిచాడు. చూస్తుండగానే ఊరు ఊరంతా పుస్తకాల కొట్లయింది. తరవాత ఆ కోటనూ ఆయనే కొన్నాడు. 1977 ఏప్రిల్ 1న ఆ ఊరికి తానే రాజునని ప్రకటించుకున్నాడు. ఇవాళ దేశదేశాల నుంచి జనం పాత పుస్తకాల కోసం ఆ ఊరు వెళ్తారు. డాసన్ పుస్తకాలు నాకు దొరికిందల్లా పాత పుస్తకాల గుట్టల్లోనే. ఆయన పుట్టిన ఊరే పాత పుస్తకాలకు రాజధాని అయిందని మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

పెరిగింది యార్క్‌షైర్‌లో, వార్ఫ్ నది ఒడ్డున హార్ట్‌లింగ్టన్ అనే పల్లెలో, తండ్రి తరఫు ఆస్తి మీద. ఒంట్లో ఎప్పుడూ బాగుండేది కాదు. వించెస్టర్ బడిలో ఉన్నప్పుడు తరగతి గదిలో కన్నా ఆ ఊరి పెద్ద చర్చిలో తిరుగుతూ ఎక్కువ నేర్చుకున్నానని చెప్పేవాడు. ఆ తరవాత ఆక్స్‌ఫర్డ్, ట్రినిటీ కాలేజీ. అక్కడ ఉండగా, 1909 ఈస్టరు రోజుల్లో, పందొమ్మిదేళ్ల వయసులో రోమ్ వెళ్లాడు.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన చోటు. రోమ్‌లో కాపిటోలిన్ కొండ మీద ఆరా చేలి అనే చర్చి ఉంది. 1764లో చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ ఆ కొండ మీద శిథిలాల మధ్య కూర్చున్నాడు. చెప్పులు లేని మఠవాసులు సాయంకాల ప్రార్థన పాడుతుంటే విని, రోమ్ ఎలా కూలిపోయిందో రాయాలని అప్పుడే అనుకున్నాడు. నూటనలభై అయిదేళ్ల తరవాత డాసన్ వచ్చి అదే చర్చి మెట్ల మీద కూర్చుని, సంస్కృతుల చరిత్ర రాయాలని సంకల్పించుకున్నాడు. ఒకే కొండ. గిబ్బన్‌కి ఆ పాట పాత మహానగరం మీద మొలిచిన పిచ్చిమొక్కలా వినిపించింది. డాసన్ మాత్రం ఆ పాడేవాళ్లే కూలిన గోడల లోపల కొత్త ఇల్లు కట్టినవాళ్లని అనుకున్నాడు. ఆయన పుస్తకాలన్నీ ఆ మెట్ల మీద గిబ్బన్‌కి చెప్పిన జవాబులని నాకు తోస్తుంది.

1914 జనవరిలో ఆయన కతోలిక సంఘంలో చేరాడు. ఆర్చ్‌డీకన్ కూతురైన తల్లికి అది చాలా కష్టం కలిగించింది. 1916లో వాలరీ మిల్స్‌ని పెళ్లాడాడు. రోమ్‌లో అనుకున్న పని మాత్రం వెంటనే పుస్తకం కాలేదు. దాదాపు పద్నాలుగేళ్లు చదువుతూనే ఉన్నాడు. పురావస్తుశాస్త్రం, మానవశాస్త్రం, భాషలు, మతాలు, వ్యవసాయం, ఏది దొరికితే అది. మొదటి పుస్తకం ‘ద ఏజ్ ఆఫ్ ద గాడ్స్’ 1928లో వచ్చేసరికి ఆయనకి నలభై దగ్గరపడింది. ఈ రోజుల్లో పరిశోధక విద్యార్థికి అన్నేళ్లు ఎవరిస్తారు! మా అమ్మాయి ఆ మాట విని పెద్ద నిట్టూర్పు విడిచింది.

ఇంతకీ ఆయన ఆలోచన ఏమిటి? ఫ్రెంచి సమాజశాస్త్రజ్ఞుడు లె ప్లే ఒక సమాజాన్ని చూడాలంటే మూడు చూడాలన్నాడు: నేల, పని, జనం. స్కాట్లాండ్‌వాడు పాట్రిక్ గెడ్డెస్ బ్రిటన్‌లో ఆ బాట వేశాడు. ఈ గెడ్డెస్ మన దేశానికి కొత్తవాడు కాదు. ఇక్కడి నగరాల మీద నివేదికలు రాశాడు, 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం ఆచార్యుడయ్యాడు. ఆయన బృందం నడిపిన ‘సోషియలాజికల్ రివ్యూ’ పత్రికలోనే డాసన్ తొలి వ్యాసాలు చాలా వచ్చాయి. డాసన్ ఆ మూడింటికీ నాలుగోది కలిపాడు: మనసు. నేల ఎలాంటిదైనా, పని ఏదైనా, జనం ఎవరైనా, వాళ్లు దేన్ని పరమమని నమ్ముతారో దాన్నిబట్టి మిగతా మూడూ ఒక రూపానికి వస్తాయంటాడు. మతం సంస్కృతికి పైన పెట్టిన కిరీటం కాదని, లోపల తిరిగే నెత్తురని ఆయన నమ్మకం.

ఈ మాట ఊరికే చెబితే గాలిలో తేలుతుంది. ‘రెలిజియన్ అండ్ ద రైజ్ ఆఫ్ వెస్టర్న్ కల్చర్’లో మఠాల గురించి రాసిన అధ్యాయం తీయండి, చేతికి అందుతుంది. రోమ్ సామ్రాజ్యం విరిగిపోయింది, నగరాలు ఖాళీ అవుతున్నాయి, బడులు మూతపడ్డాయి. అప్పుడు అడవి అంచున కొందరు మనుషులు ఒక నియమం పెట్టుకుని కలిసి ఉండటం మొదలుపెట్టారు. రోజులో ఇన్నిసార్లు ప్రార్థన, ఇంతసేపు చదువు, ఇంతసేపు చేతిపని. ప్రార్థనకి పుస్తకం కావాలి, పుస్తకానికి రాత కావాలి, రాతకి తోలు కావాలి, తోలుకి మంద కావాలి, మందకి బీడు కావాలి. దేవుడి కోసం మొదలైన పని చుట్టూ పొలం, పశువు, గ్రంథాలయం, బడి, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. పాత రోములో శరీర శ్రమ బానిసల పని. ఇక్కడ మఠాధిపతి కూడా కొడవలి పట్టాడు. ఇది ఆర్థిక చరిత్రా, మత చరిత్రా, విద్యా చరిత్రా? ఏ అల్మారాలో పెడతారు చెప్పండి!

టీ వచ్చింది, తీసుకోండి. అల్లం కాస్త ఎక్కువే పడింది.

మొదట ఏది చదవాలని అమ్మాయి అడిగింది. అందరూ ‘ద మేకింగ్ ఆఫ్ యూరప్’ పేరు చెబుతారు. 1932లో వచ్చింది, మంచి పుస్తకం. చీకటి యుగమని కొట్టిపారేసిన ఆరువందల ఏళ్లలోనే యూరప్‌కి పునాది పడిందని చూపిస్తాడు. అందులో నాకు నచ్చేది ఇంకొకటుంది. యూరప్ పుట్టుక గురించి రాస్తూ మధ్యలో ఒక భాగం పూర్తిగా తూర్పుకిచ్చాడు. బైజాంటియం, ఇస్లాం పుట్టుక, ముస్లిం సంస్కృతి విస్తరణ, అన్నీ అక్కడ ఉన్నాయి. తన ఇంటి కథ చెబుతూ పక్కింటివాళ్లకి పెద్దపీట వేసే చరిత్రకారులు అరుదు. కానీ మొదటి పుస్తకంగా నేను చెప్పేది అది కాదు, పేర్లు మరీ దట్టంగా ఉంటాయి. 1929 నాటి ‘ప్రోగ్రెస్ అండ్ రెలిజియన్’తో మొదలుపెట్టమన్నాను. మనిషి రోజురోజుకీ ముందుకే పోతున్నాడన్న నమ్మకం ఆధునిక కాలానికి మతమైపోయిందని, ఆ నమ్మకం కూడా అది వదిలేసిన పాత మతం నుంచి పుట్టినదేనని అందులో వాదిస్తాడు. రెండువందల పైచిలుకు పేజీల్లో ఆయన పూర్తి బుర్ర అక్కడ ఉంది.

ఆ తరవాత ‘రెలిజియన్ అండ్ కల్చర్’. 1947లో ఎడిన్‌బరోలో ఇచ్చిన గిఫర్డ్ ఉపన్యాసాలవి. ఇందాక చెప్పిన మఠాల పుస్తకం వాటికి రెండో విడత, 1948, 49ల్లో ఇచ్చింది, 1950లో అచ్చయింది. మొదటి విడతలో ప్రవక్త, పూజారి, రాజు, ఈ ముగ్గురూ ప్రతి నాగరికతలో ఎలా కనిపిస్తారో చూపిస్తాడు. చైనా వస్తుంది, బౌద్ధం వస్తుంది, మన దేశమూ వస్తుంది. ఇక్కడ నా మాట ఒకటి. మన గురించి ఆయన గౌరవంగానే రాశాడు. కానీ ఉపనిషత్తులూ ధర్మశాస్త్రాలూ కనిపించినంతగా ఊరి చివర వేపచెట్టు కింది అమ్మవారు కనిపించదు. సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చదివి పెరిగిన వాళ్లం. ఆయన కావ్యాలన్నీ గాలించి జనం ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలాడారో ఏరి తెచ్చిపెట్టారు. ఆ పుస్తకం పక్కన పెట్టి చూస్తే డాసన్ దగ్గర మామూలు మనిషి వంటిల్లు తక్కువ. ఇద్దర్నీ కలిపి చదవమని అమ్మాయికి చెప్పాను. ఒకరి దగ్గర లేనిది రెండోవారి దగ్గర ఉంది.

ఇప్పుడు వెతుకులాట సంగతికి వద్దాం.

మొదటి చిక్కు పేరు. ఉత్త డాసన్ అని వెతికితే కెనడాలో బంగారం దొరికిన ఊరు వస్తుంది, టీవీ సీరియల్ వస్తుంది. గ్రంథాలయాల జాబితాల్లో ఇంటిపేరు ముందు, అసలు పేరు తరవాత, పక్కనే 1889–1970 అని ఉంటుంది. ఆ ఏళ్లు కలిపి వెతికితే ఈయనే వస్తాడు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఈయన పుస్తకాల్లో చాలావరకు వ్యాసాల సంపుటాలు. ఒకే వ్యాసం రెండు మూడు చోట్ల ఉంటుంది. 1934 నాటి ‘మెడీవల్ రెలిజియన్’ దొరకలేదని అమ్మాయి బెంగపడింది. అందులోది దాదాపు అంతా ఇరవయ్యేళ్ల తరవాత వచ్చిన ‘మెడీవల్ ఎస్సేస్’లో ఉంది. కొన్నిసార్లు ఒకే పుస్తకం రెండు పేర్లతో తిరుగుతుంది. ‘ద మంగోల్ మిషన్’ అని 1955లో వచ్చిందే అమెరికాలో ‘మిషన్ టు ఏషియా’ అయింది. రెండూ కొని తెచ్చుకుని ఒకటే అని తెలిసి బాధపడ్డవాళ్లు నాకు తెలుసు.

వీటన్నిటికీ ఒక తాళంచెవి ఉంది. క్లోడ్ లోకా అనే ఆయన డాసన్ రాసినవన్నీ, పత్రికల్లోని చిన్న సమీక్షలతో సహా, ఏరి జాబితా కట్టాడు. 1973లో ‘హార్వర్డ్ థియోలాజికల్ రివ్యూ’లో అచ్చయింది. విశ్వవిద్యాలయాలు డబ్బు కట్టి తెప్పించుకునే ఆన్‌లైన్ పత్రికల భాండారంలో అది దొరుకుతుంది. ముప్పై పేజీలు. ముందు దాన్ని ప్రింటు తీసి పక్కన పెట్టుకోమన్నాను. దొరికిందల్లా పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోతే, ఏది చదివాం, ఏది చదవలేదు అన్నది తేలుతుంది.

మనిషిని తెలుసుకోవాలంటే ఆయన కూతురు క్రిస్టినా స్కాట్ రాసిన జీవితచరిత్ర చదవాలి, ‘ఎ హిస్టోరియన్ అండ్ హిజ్ వరల్డ్’, 1984. కూతురు రాసింది కదా, పొగడ్తలే ఉంటాయేమో అనుకున్నాను మొదట. కాదు. మితభాషి, అనారోగ్యం, ఇల్లు మారుతూ ఉండటం, పుస్తకాల మధ్య తప్ప ఎక్కడా కుదురుకోలేని తండ్రి, అన్నీ ఉన్నాయి. ఆలోచనల చరిత్ర కావాలంటే బ్రాడ్లీ బర్జర్ 2007లో రాసిన ‘సాంక్టిఫైయింగ్ ద వరల్డ్’ ఉంది. 2022లో జోసెఫ్ స్టూవర్ట్ రాసిన పుస్తకం మొదటి ప్రపంచ యుద్ధం ఆయన్ని ఎలా మలిచిందో చూపిస్తుంది. జాన్ మల్లాయ్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు వ్యాసాలు ఏర్చి కూర్చిన ‘డైనమిక్స్ ఆఫ్ వరల్డ్ హిస్టరీ’ ఇంకొక ఎత్తు. పెద్ద పీఠాల మీద ఉన్నవాళ్లు పట్టించుకోని రోజుల్లో ఒక ఉపాధ్యాయుడు తన తీరిక సమయమంతా పెట్టి ఇంకొకరి పనికి రూపమిచ్చాడు. అలాంటివాళ్లకి నేను చేతులెత్తి మొక్కుతాను.

సొంత పుస్తకాలూ కాగితాలూ అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, సెయింట్ పాల్‌లోని సెయింట్ థామస్ విశ్వవిద్యాలయానికి చేరాయి. మిన్నియాపొలిస్, సెయింట్ పాల్, మన హైదరాబాద్, సికింద్రాబాద్‌లాగా జంటనగరాలు. మీ పిల్లలెవరైనా ఆ వైపు ఉంటే ఒక శనివారం వెళ్లి చూడమనండి. కొత్త ముద్రణలు కావాలంటే వాషింగ్టన్‌లోని కాథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికా ప్రెస్ 2001 నుంచి ఒక్కొక్కటిగా వేస్తోంది.

అన్నిటికన్నా మేలైన దారి ఇంకొకటి, మనిషిని ఆయన స్నేహితుల ఇళ్లలో వెతకడం. టి.ఎస్. ఎలియట్ 1939లో క్రైస్తవ సమాజం మీద రాసిన చిన్న పుస్తకం ముందుమాటలో డాసన్‌కి తన రుణం చెప్పుకున్నాడు. అద్భుతకథల మీద టోల్కీన్ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ‘ప్రోగ్రెస్ అండ్ రెలిజియన్’ కనిపిస్తుంది. చరిత్రకారుడు టాయిన్‌బీ పెద్ద గ్రంథం చివరి సంపుటాల్లో ఈయనతో వాదన ఉంది. ఫ్రాంక్ షీడ్ నడిపిన షీడ్ అండ్ వార్డ్ ప్రచురణల పాత జాబితాలు చూడండి, 1940 నుంచి 44 దాకా ఈయన సంపాదకుడిగా ఉన్న ‘డబ్లిన్ రివ్యూ’ సంచికలు తిరగేయండి. ఆ పత్రికల్లో ఈయన వ్యాసం పక్క పేజీలో ఎవరున్నారో చూస్తే, వాళ్ల పుస్తకాల్లో మళ్లీ ఈయనే తగులుతాడు. ఊళ్లో తెలియని మనిషి అడ్రసు కనుక్కోవడానికి మనం టీ కొట్టు దగ్గర అడుగుతామే, అలాగన్నమాట.

మన ఊళ్లలో కతోలిక సెమినరీల గ్రంథాలయాలు మర్చిపోవద్దు. ఫాదర్‌గారికి ముందుగా ఫోన్ చేసి, కాలేజీ ఉత్తరం పట్టుకుని వెళ్తే చాలామంది ఆదరంగా లోపలికి రానిస్తారు. మతం చదువుకునే చోట చరిత్ర పుస్తకాలు ఏం ఉంటాయిలే అనుకుంటాం. డాసన్ విషయంలో మాత్రం నిండుగా దొరికే చోటు అదే. హార్వర్డ్‌లో 1958లో కతోలిక అధ్యయనాలకి స్టిల్‌మన్ పేర కొత్త పీఠం పెట్టినప్పుడు మొదట కూర్చోబెట్టింది ఈయన్నే. అది కూడా చరిత్ర శాఖలో కాదు, డివినిటీ స్కూల్లో. నాలుగేళ్లు చెప్పాడు. పక్షవాతం వచ్చాక ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. 1970 మే 25న డెవన్‌లో కన్నుమూశాడు. చిన్నప్పటి పల్లె పక్కనే, బర్న్‌సల్‌లో సమాధి.

ఇక ఇంటర్నెట్ ఆర్కైవ్ గురించి చెప్పాలి. అక్కడ డాసన్ పాత ముద్రణలు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని మన దేశపు గ్రంథాలయాల ప్రతుల నుంచే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసినవి. ఆ పథకం మూలంలో ఉన్నది పది లక్షల పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించాలన్న రాజ్‌రెడ్డిగారి కల. శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డిగారే. స్కానింగ్ పెద్ద ఎత్తున జరిగిన చోట్లలో హైదరాబాద్ ఐఐఐటీ ఒకటి. పేర్లలో అక్షరాలు తప్పు పడ్డాయి, కొన్ని పేజీలు వంకరగా వచ్చాయి, అందుకని పుస్తకం పేరు రెండు మూడు రకాలుగా కొట్టి చూడాలి. రచయిత హక్కుల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క, అంటే డాసన్ బతికుండగా అచ్చయిన పుస్తకాలకి 2030 చివరిదాకా. చదువుకోవడానికి చూసుకోండి, దొరికినప్పుడు కొనుక్కోండి.

నా సొంత పుస్తకం సంగతి ఇక్కడే చెప్పాలి. 1980ల చివర్లో ఒక ఆదివారం ఆబిడ్స్‌లో, మూసిన కొట్ల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన గుట్టలో దొరికింది, ఆ మఠాల పుస్తకమే, అమెరికాలో వేసిన చౌక ముద్రణ. పదిహేను రూపాయలు. అట్ట అంచు నలిగి ఉంది, వెన్నుకి ఎవరో బ్రౌన్ పేపరు అంటించారు, మైదా జిగురు గట్టిపడి పేజీ విప్పితే టక్కుమనేది. లోపల మొదటి పేజీలో పెన్సిల్‌తో, గుండ్రటి అక్షరాల్లో, మళ్లీ చదవాలి అని తెలుగులో రాసి ఉంది. పేరు లేదు. ఆ మనిషి మళ్లీ చదివారో లేదో, ఎందుకు అమ్మేశారో. అందులో 52 తరవాత 55. మధ్య ఆకు లేదు. సరిగ్గా మఠాల అధ్యాయంలో. ముప్పై ఏళ్లకి పైగా ఆ ఆకు లేకుండానే చదువుతూ వచ్చాను. ప్రతిసారీ ఆ చోటికి రాగానే వాక్యం సగంలో తెగిపోయేది, ఇంకో వాక్యం సగంలో మొదలయ్యేది.

లైబ్రరీ నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం అమ్మాయి ఈ పుస్తకం చేతిలోకి తీసుకుని ఆ తెగిన చోటే పట్టుకుంది.

“పెదనాన్నా, ఇక్కడ ఆకు లేదు.”

“తెలుసమ్మా.”

“ఇన్నేళ్లూ వెతకలేదా?”

“వెతికాను. స్కాన్‌లో 53వ పేజీ తీశాను, వేరే విషయం ఉంది. ఇంకో ముద్రణ కదా, వదిలేశాను.”

“పేజీ నంబరుతో వెతికితే ఎలా దొరుకుతుంది? మాటలతో వెతకాలి.” ల్యాప్‌టాప్ తీసి, 52వ పేజీ చివరి నాలుగు మాటలు కొట్టింది. 1950 ముద్రణ స్కాన్ తెరుచుకుంది. పేజీ మూలన నీడలా ఒక బొటనవేలు, పుస్తకం తెరిచి పట్టుకున్న మనిషిది. ఆ వేలి పక్కనే నా సగం వాక్యం, మిగతా సగంతో సహా.

నేనేమీ మాట్లాడలేకపోయాను. ఆ పిల్ల చదివి వినిపించింది.

తరవాత ఆ రాత్రి వదల్లేక, ‘మంగోల్ మిషన్’ కూడా తెరిచాం. డాసన్ దానికి సంపాదకుడు. పదమూడు, పద్నాలుగో శతాబ్దాల్లో మంగోలుల దగ్గరికీ చైనాకీ వెళ్లిన ఫ్రాన్సిస్కన్ గురువులు రాసిన వృత్తాంతాలూ ఉత్తరాలూ అవి. లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చినది ఇంగ్లండ్‌లో స్టాన్‌బ్రూక్ మఠంలోని ఒక కన్య. పేరు పెట్టుకోలేదు, ఒక మఠకన్య అని మాత్రం ఉంటుంది. అందులో మాంటె కొర్వినో జాన్ అనే గురువు 1305 జనవరిలో ఇవాళ్టి బీజింగ్ నుంచి రాసిన ఉత్తరం ఉంది. అమ్మాయి చదువుతూ చదువుతూ ఆగింది.

“పెదనాన్నా, ఇది విను. చైనా వెళ్లేముందు ఈయన ఇండియాలో ఆగాడట. తోమా అపోస్తలుడి గుడి ఉన్న చోట, పదమూడు నెలలు.”

తోమా గుడి అంటే మైలాపూరు. మన పత్రికలూ సినిమాలూ పుట్టి పెరిగిన మద్రాసులో, మా నాన్నగారు ఉద్యోగానికని మూడేళ్లున్న మైలాపూరు. ఆ ప్రాంతంలో జాన్ అక్కడక్కడ ఓ వందమందికి జ్ఞానస్నానం ఇచ్చానని రాశాడు. తోడు వచ్చిన నికొలస్ అనే గురువు అక్కడే చనిపోతే ఆ గుడిలోనే పాతిపెట్టారట. ఆ తరవాత జాన్ ఓడెక్కి చైనా వెళ్లాడు. గుడి కట్టాడు, దానికి గంటల గోపురం కట్టి మూడు గంటలు వేలాడదీశాడు. పిల్లల్ని చేరదీసి పాటలు నేర్పాడు. అక్కడివాళ్ల భాష నేర్చుకుని కొత్త నిబంధననీ కీర్తనల గ్రంథాన్నీ ఆ భాషలోకి తెచ్చాడు. ఉత్తరం చివర్లో తన సంగతి రాసుకున్నాడు: యాభై ఎనిమిదేళ్లు, వయసు వల్ల కాదు, పడ్డ కష్టాల వల్ల తల నెరిసిపోయిందని.

“నేల, పని, జనం, మనసు. నాలుగూ ఈ ఒక్క ఉత్తరంలో ఉన్నాయి కదా?” అంది అమ్మాయి.

అవునన్నాను. ఈ పుస్తకం లైబ్రరీలో ఎక్కడుంటుందో చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది: మతప్రచారం, యాత్రాచరిత్ర, చైనా, మధ్యయుగం.

పొద్దున్నే వెళ్లిపోయే ముందు, ఆ తప్పిపోయిన ఆకు ప్రింటు తీసుకొచ్చింది. రెండు కాగితాలు. నా పుస్తకం కన్నా పెద్దవి, అంచులు కత్తిరించాల్సి వచ్చింది. జిగురు వద్దంది, పాత కాగితం పాడవుతుందని. 52కీ 55కీ మధ్య ఊరికే పెట్టింది. బొటనవేలి నీడ ఉన్న వైపు కత్తిరించబోతుంటే నేనే వద్దన్నాను.